బెంచీ మీద రెండో చోటు

తడిసిన గొడుగును తలుపు బయట పెట్టి లోపలికి రావాలన్న సంగతి ఆ అమ్మాయికి తెలియక కాదు. ఆ రోజు ఆమె తొందరలో ఉంది, అంతే. గొడుగుతోపాటే వర్క్‌షాపులోకి వచ్చేసి, దాన్ని ముడిచింది. నీళ్ళన్నీ బల్ల మీదున్న థర్మకోల్ భవనాల మీద పడ్డాయి.

బల్లకి అవతలివైపు ఒకతను పట్టకారుతో అగ్గిపుల్ల తలంత చెట్టును పట్టుకుని ఉన్నాడు. దాన్ని అలాగే గాల్లో ఉంచి, ముందు గొడుగును, తర్వాత ఆమెను చూశాడు.

"పర్వాలేదు లెండి" అంది ఆమె, అతను నోరు తెరిచేలోపే. "నీళ్ళు స్విమ్మింగ్ పూల్‌లోనే పడ్డాయి."

"అది పార్కింగ్ అండీ."

"నీలంగా ఉందిగా."

"ఇప్పుడే అయింది. మీ గొడుగు తగిలి రంగు డబ్బా ఒలికింది."

పరిచయానికి ఇంతకంటే మంచి మొదలు దొరకదని ఎవరూ అనరు. కానీ ఆ రంగు తుడవడానికి ఇద్దరూ చెరో గుడ్డ పట్టుకోవాల్సి వచ్చింది కాబట్టి, కనీసం మాటలు కలిశాయి.

అతని పని మోడళ్ళు చేయడం. బిల్డర్లు కట్టబోయే భవనాలను ముందుగా ఫోమ్ బోర్డుతో, జిగురుతో బల్ల మీద కట్టి ఇస్తాడు. అందరూ బొమ్మల ఇంజనీరు అంటారు. ఇంజనీరింగ్ చదువు మధ్యలో మానేసినవాడు కాబట్టి ఆ పేరు వింటే అతనికి ఒళ్ళు మండుతుంది.

ఆమెది పాత బజారు వీధిలో మందుల షాపు. తండ్రి పెట్టిన షాపు, ఆమె నడిపిస్తోంది. ఈసారి మునిసిపల్ ఎన్నికల్లో ఏ పార్టీ లేకుండా నిలబడింది. వీధి గురించి ఆమె పేషెంటు గురించి చెప్పినట్టే చెప్పింది. ప్రాణం పోలేదట, నీరసమట. నగరానికి అవతల పెద్ద షాపింగ్ కాంప్లెక్స్ వచ్చాక జనం అటు మళ్ళారు. షాపుల పైనున్న గదులన్నీ తాళాలు పడి పావురాల పాలయ్యాయి. ఆ గదులు బాగుచేసి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రకారుకి తక్కువ అద్దెకి ఇవ్వాలి. సాయంత్రాలు వీధిలోకి బళ్ళు రానివ్వకూడదు. మూతపడ్డ సినిమా హాలును చదువుకునే హాలు చేయాలి. చెట్లు నాటాలి, బెంచీలు వేయాలి. పైన మనుషులుంటే కింద షాపులు వాటంతటవే లేచి కూర్చుంటాయని ఆమె లెక్క.

"మీటింగుల్లో ఇదంతా చెప్పాను. తలలూపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు" అంది. "చెబితే లాభం లేదు. చూపించాలి. వీధి రేపు ఎలా ఉంటుందో నాకు చేసిపెట్టండి. బండి మీద పెట్టుకుని ఇల్లిల్లూ తిప్పుతాను."

అప్పుడే ఆమె చూపు తడిసిన మోడల్ మూలనున్న పేరు మీద పడింది. అది అదే షాపింగ్ కాంప్లెక్స్ రెండో భాగం. దాని యజమానే ఆమెకి ఎన్నికల్లో పోటీ. ఆమె కనుబొమలు లేచాయి.

"నేను ఎవరికైనా చేస్తాను మేడమ్. జిగురుకి పార్టీ ఉండదు" అన్నాడతను.

మధ్యాహ్నం షాపు మూసే వేళ ఆమె వర్క్‌షాపుకి రావడం మొదలుపెట్టింది. పని చూసుకోవడానికేనని ఆమె అంది. పని చెడగొట్టడానికని అతను అన్నాడు. ఒకరోజు ఊరికే కూర్చోనివ్వకుండా చేతికి కట్టర్ ఇచ్చి, పై గదుల కిటికీలు కోయమన్నాడు. మాత్రలను సగానికి విరిచే అలవాటున్న చేతులు కదా, గీత పక్కకి పోకుండా కోసింది. మెచ్చుకోవాలని ఉన్నా, "పర్వాలేదు, నేర్చుకుంటారు" అని ఊరుకున్నాడు.

చెట్ల దగ్గర పేచీ పడ్డారు. మనుషుల దగ్గర మరీ పడ్డారు. వీధిలో జనం ఇంకా కావాలని ఆమె, గోరంత మనిషికి చొక్కా తొడగడం ఎంత కష్టమో ఓట్లు అడిగేవాళ్ళకేం తెలుసునని అతను. ఆమె అలిగి వెళ్ళిపోయిన రోజున అతను సాయంత్రం దాకా కూర్చుని వీధి నిండా జనాన్ని నింపాడు. మర్నాడు ఆమె వచ్చి చూసి, పక్కకి తిరిగి నవ్వుకుంది. ఆ నవ్వు అతనికి కనపడింది. ఆ రోజంతా అతని జిగురు ఏదీ సరైన చోట అతకలేదు.

మోడల్ పూర్తయిన రోజు అతను వర్క్‌షాపు దీపాలార్పి, బల్ల కింద స్విచ్చి నొక్కాడు. వీధి పొడుగునా పై గదుల కిటికీల్లో పసుపు వెలుగు వచ్చింది. తను కోసిన కిటికీలే. ఆమె వంగి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు ఆ గదుల్లో ఎవరెవరు ఉండేవారో, ఏ కిటికీలోంచి రేడియో వినపడేదో మెల్లగా చెప్పుకొచ్చింది. ఆమె గొంతు అలా మెత్తబడటం అతను మొదటిసారి వింటున్నాడు. ఈ అమ్మాయి గెలవాలి, అనిపించింది. గెలిచినా ఓడినా ఈ అమ్మాయి ఇక్కడికి వస్తూనే ఉండాలి, అని కూడా అనిపించింది.

"ఈ నీలం చొక్కా ఆయన ఎవరు?" అంది ఆమె ఉన్నట్టుండి.

మందుల షాపు ఎదుట వేసిన బెంచీ మీద ఒక నీలం చొక్కా మనిషి కూర్చున్నాడు. చేసిన ప్రతి మోడల్‌లోనూ ఎక్కడో ఒకచోట తనను తాను పెట్టుకోవడం బొమ్మల ఇంజనీరు అలవాటు. సంతకం లాంటిది. ఆ మాటే చెప్పాడు.

"మిగతా మోడళ్ళలో కూడా కూర్చునే ఉంటారా?"

"లేదు, నడుస్తుంటాను."

"మరి ఇక్కడ కూర్చున్నారేం? పక్కన చోటెందుకు వదిలారు?"

అతను పట్టకారు తీసి మళ్ళీ పెట్టాడు. ఇక దాచి లాభం లేదనిపించింది.

"మీరొస్తారేమోనని."

చీకట్లో ఆమె ముఖం అతనికి సరిగా కనపడలేదు. మాట్లాడినప్పుడు మాత్రం గొంతులో కోపం లేదు.

"లేని బెంచీ మీద కూర్చోమంటే ఎలా అండీ? ముందు అది నిజంగా వీధిలోకి రానివ్వండి. అప్పుడు అడగండి."

"ఇది ఎన్నికల వాగ్దానమా?"

"నా వాగ్దానాలన్నీ నిలబెట్టుకునేవే" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు వాన లేదు. గొడుగు ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియాలి.

మొదటి ప్రదర్శన పాత బజారు వీధిలోనే పెట్టారు. షాపులవాళ్ళందరూ మూగారు. ఎవరైనా ముందు వెతుక్కునేది తమ షాపునే కదా. కాసేపటికి గుసగుసలు మొదలయ్యాయి. గుండీలు, దారాలు అమ్మే పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని మోడల్ మీదికి వంగింది. ఆవిడ బొమ్మల ఇంజనీరు మేనత్త. అతన్ని పెంచింది ఆవిడే.

"ఒరేయ్, నా మెట్లు ఏవిరా?"

అతనూ వంగి చూశాడు. ఆ మెట్లు మోడల్‌లో లేవు.

మోడళ్ళు చేసేవాళ్ళకి ఒక నియమం ఉంటుంది. కాగితం మీద లేనిది మోడల్‌లో ఉండదు. అతను మునిసిపల్ ఆఫీసులో ఇచ్చిన ప్లాను చూసి గోడ నుంచి గోడకి కొలిచి కట్టాడు. షాపుల ముందు మెట్లు, పందిళ్ళు, చెక్క బల్లలు ఎవరికివారు తర్వాత కట్టుకున్నవి. ప్లానులో ఒక్కటీ లేదు, అందుకే మోడల్‌లోనూ లేదు. ఎండలో నడిచి వచ్చినవాళ్ళు కూర్చునేది ఆ మెట్ల మీదే. ఆ మెట్ల మీదే అత్త అతనికి అక్షరాలు దిద్దించింది. పని ధ్యాసలో అతనికి అవే గుర్తు రాలేదు.

ఈ పిల్ల గెలిస్తే మెట్లన్నీ పగలగొట్టిస్తుందన్న మాట చీకటి పడేలోపే వీధంతా పాకింది. తాళాల షాపు పెద్దాయన అయితే ఆమె ఎదురుగానే మోడల్ మీద గుడ్డ కప్పేసి, తీసుకెళ్ళమ్మా అన్నాడు.

మర్నాడు అతను మందుల షాపుకి వెళ్ళాడు. కౌంటర్ దగ్గర జనం ఉన్నారు. ఆమె ఒకరికి దగ్గు మందు ఇస్తూనే, తలెత్తకుండా, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ కాంప్లెక్స్ వాళ్ళు మీకేమైనా చెప్పారా?"

"ఏమని?"

"మెట్లు తీసేయమని."

అతనికి ముఖం మీద కొట్టినట్టయింది. "నన్ను అలాంటివాణ్ణి అనుకుంటున్నారా?"

"అనుకోవాలని లేదు. అందుకే అడుగుతున్నాను." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "భోజనాల తర్వాత రెండు చెంచాలండీ" అంది దగ్గు మనిషితో.

"మా అత్త మెట్లు కూడా లేవు మేడమ్ అందులో" అన్నాడతను. "అమ్ముడుపోయినవాణ్ణయితే కనీసం ఆవిడవైనా ఉంచేవాణ్ణి. నేను ప్లాను చూశాను. వీధిని చూడలేదు."

అని వచ్చేశాడు. లోపల కుర్చీలో కూర్చున్న ఆమె తండ్రి, ఎలాంటి డాక్టరు చేతిరాతనైనా చదవగలిగిన మనిషి, వెళ్ళిపోతున్న అతన్నీ, తల దించుకున్న కూతురినీ మార్చి మార్చి చూశాడు. "ఆ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదమ్మా" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే బొమ్మల ఇంజనీరు మోడల్ మోసుకొచ్చి అత్త షాపు మెట్ల మీదే పెట్టాడు. పక్కన అట్టముక్కలు, కత్తెరలు, జిగురు పరిచాడు. అత్త వచ్చి, ముందు తన మెట్లు పెట్టమని హుకుం జారీ చేసింది.

"నువ్వే పెట్టుకో అత్తా. నేను పెడితే మళ్ళీ తప్పుగా పెడతాను."

ఆవిడ గొణుక్కుంటూనే కూర్చుంది. గుండీలు కుట్టి అమ్మే అట్టను మడిచి మెట్లు చేసింది. అంచుకి ఎర్ర దారం కూడా అంటించింది. అది చూసి పక్క టైలరు గుడ్డ పీలికతో పందిరి వేసుకున్నాడు. చెప్పుల షాపాయన తన గుమ్మంలో పడుకునే పిల్లిని కూడా చేయాల్సిందేనని పట్టుబట్టాడు. తాళాల పెద్దాయన దూరం నుంచి చూసి చూసి, చివరికి వచ్చి టైలరు పందిరి తన బోర్డుకి అడ్డమొస్తోందని తగాదా పెట్టుకున్నాడు. రేపటి వీధి గురించి వాళ్ళు పోట్లాడుకోవడం అదే మొదలు. బొమ్మల ఇంజనీరు ఎవరికీ సర్దిచెప్పలేదు, జిగురు మాత్రం అందించాడు.

మధ్యాహ్నానికి ఆమె వచ్చింది. వంకరటింకర మెట్లతో, రంగురంగుల పీలికలతో నిండిపోయిన వీధిని చూసింది. ఏమంటుందోనని అందరూ ఆగారు.

"నేను తెచ్చినప్పుడు ఇది నా వీధిలా ఉండేది" అంది. "ఇప్పుడు మనదిలా ఉంది. ఇందులో ఉన్నది ఏదీ ఎవరూ పగలగొట్టరు. నేను గెలిచినా, ఇంకొకరు గెలిచినా, మీరు అడ్డు నిలబడండి."

తర్వాత కత్తెర తీసుకుని అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. "నిన్న నేనలా అడిగి ఉండకూడదు" అంది, అతనికి మాత్రమే వినపడేలా. అతను ఒక అట్టముక్క అందించి, కిటికీలు ఇంకా కావాలన్నాడు.

ఆమె ఓడిపోయింది. పాత బజారు వీధి మొత్తం ఆమెకే వేసింది. కానీ ఎన్నికకి ఒక్క వీధి చాలదు. ఫలితాలు వచ్చిన సాయంత్రం కూడా ఆమె షాపు తెరిచే ఉంచింది. జ్వరాలు ఫలితాల కోసం ఆగవంది. అతను వెళ్ళి కౌంటర్ ముందు నిలబడ్డాడు. అడగకుండానే ఆమె తలనొప్పి మాత్ర తీసి చేతిలో పెట్టింది. ఆమె ముఖం వాడిపోయి ఉంది. బెంచీ ఊసు ఎత్తడానికి అతనికి మనసు ఒప్పలేదు. అదిక వచ్చేది లేదనుకున్నాడు.

వానలు మళ్ళీ మొదలయ్యాక ఒకరోజు అత్త ఫోన్ చేసింది. సాయంత్రం రమ్మంది, ఆ నీలం చొక్కా వేసుకుని రమ్మంది. ఎందుకంటే చెప్పలేదు.

వెళ్ళేసరికి వీధి మొదట్లో తాడు కట్టి ఉంది, బళ్ళు రాకుండా. తాళాల పెద్దాయన స్వయంగా కాపలా కూర్చున్నాడు. షాపులవాళ్ళంతా మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రాలు బళ్ళు ఆపడానికి అనుమతి తెచ్చుకున్నారట. గెలిచిన కాంప్లెక్స్ యజమాని కాదనలేకపోయాడట, పైగా వచ్చి ఫోటో కూడా దిగాడట. మందుల షాపు ఎదుట కొత్త చెక్క బెంచీ ఉంది. వార్నిష్ వాసన ఇంకా పోలేదు.

"ఓడిపోయింది ఆ అమ్మాయి. వీధి కాదుగా" అన్నాడు పెద్దాయన, ఎటో చూస్తూ.

తన షాపు పైగది ఊడ్పించానని, రేపే వచ్చి చేరమని, పావురాలను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చిందని అత్త చెప్పి పైకెక్కింది. తలెత్తి చూస్తే పైన కిటికీలో దీపం వెలుగుతోంది. వీధంతటికీ అదొక్కటే. అతను వెళ్ళి బెంచీ మీద, ఒక చివర కూర్చున్నాడు.

ఆమె షట్టర్ దించి బయటికి వచ్చింది. సన్నగా తుంపర మొదలైంది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు. వచ్చి ఖాళీ చోటులో కూర్చుంది.

"బెంచీ వచ్చింది" అన్నాడు.

"చూశాను."

"మీరు వేయించింది కాదు మరి. చెల్లుతుందా?"

"నేను వేయిస్తానన్నానా? వీధిలోకి రానివ్వమన్నాను. వచ్చింది." గొడుగు పక్కన పెట్టింది. "అడుగు."

ఆ 'అడుగు' విన్నాక అతను అడగాల్సిందంతా మరిచిపోయాడు. పైన కిటికీలోంచి అత్త గొంతు వినిపించింది. "అడగరా, వాన పెద్దదవుతోంది."

ఎదురుగా షాపు షట్టర్ ముందు ఆమె తండ్రి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతిలో పేపరు తలకిందులుగా ఉంది. "అడుగు బాబూ" అన్నాడు ఆయన కూడా.

అడిగాడు. ఇంత వానలో, ఇంతమంది ఎదుట, జీవితమంతా తన పక్కన కూర్చుంటావా అని ఒక్క ముక్కలో అడిగేశాడు.

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి మాత్రలు వేసిచ్చే చిన్న కాగితం పొట్లం తీసి అతని అరచేతిలో విప్పింది. లోపల గోరంత మనిషి ఉంది. పసుపు చీర, చేతిలో పిన్నీసు ముక్కతో చేసిన గొడుగు. చీర రంగు అక్కడక్కడా పెచ్చులూడింది, చాలా రోజులుగా బ్యాగులో తిరిగినట్టుంది.

"ఎప్పుడు చేశావు ఇది?"

"నువ్వు చోటు చూపించిన రోజునే" అంది. "పద, జిగురు పట్టుకురా. మోడల్ మా షాపులోనే ఉంది."