పాప చెంప మీద నూగు

“ఇది నూగు కాదు భాగ్యా! వెంట్రుకలు! నల్లగా, బారుగా... వచ్చి నీ కళ్లతో నువ్వే చూడు!”

కిటికీ దగ్గర వెలుతురులో మనవరాలి ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ వేదవతమ్మ కేకపెట్టేసరికి, వంటింట్లో పాలు దించుతున్న భాగ్యలక్ష్మి గిన్నె అక్కడే వదిలి వచ్చింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. రెండు నెలలుగా అత్తగారి నోట అదే వింటోంది. మొదట ఎడమ చెంప మీద పల్చగా కనిపించింది. తరవాత కణత మీదికి, అక్కణ్ణించి చెవి ముందుకి పాకింది... కుడి చెంప మాత్రం వెన్నముద్దలా నున్నగానే ఉంది! ఎనిమిది నెలల పసిగుడ్డు తేజస్వి. తనకేమైందో తెలియక బోసినవ్వులు నవ్వుతోంది.

“శనగపిండితో బాగా రుద్దమని చెప్పినా కదా!”

“రుద్దుతూనే ఉన్నాను కదత్తయ్యా! చెంప కందిపోయి, నీళ్లు తగిలితేనే గుక్కపెట్టి ఏడుస్తోంది. ఇంకెంత రుద్దేది?”

“రుద్దితే పోయేదైతే పోయుండేది. రక్తంలో ఉంటే ఎట్లా పోతుంది? పెళ్లిపీటల దగ్గర మీయమ్మ పైపెదవి చూసినప్పుడే అనుకున్నా. మా పక్క ఆడవాళ్లకు ఎవరికీ మీసాలు లేవు తల్లీ!”

భాగ్య కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. తనను ఎన్నన్నా పడేది. కానీ అత్తగారు అక్కడితో ఆగలేదు. అనంతపురంలో ఉన్న భాగ్య అమ్మకు ఫోను చేసి, “మీ ఇంటి జబ్బు సంగతి పెళ్లికి ముందే చెప్పాల్సింది వదినా!” అని అనేసింది. ఆ రోజు నుంచి అమ్మ తనంతట తాను ఫోను చెయ్యలేదు. చేస్తే ఏం వినాల్సి వస్తుందోనని భయపడి ఉంటుంది పాపం!

ఇంత జరుగుతున్నా, యూనివర్సిటీలో జియాలజీ లెక్చరరుగా పనిచేసే రంగనాథ్ పేపరు మడత విప్పి, దాని వెనక ముఖం దాచుకుని కూచున్నాడు. “ఊరుకోమ్మా” అన్న ఒక్క మాటైనా అనడేం?! అత్తగారి మాటల కంటే ఆ మౌనమే భాగ్యను ఎక్కువ కాల్చింది.

అసలు ఆయన తీరే మారిపోయింది. క్యాంపస్ నుంచి రాగానే బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంటున్నాడు. తలకు తుండుగుడ్డ చుట్టుకుని బయటికి వస్తే గుప్పున స్పిరిట్ వాసన! పొద్దున కూడా అంతే. మెట్లెక్కి వస్తే గుండె మీద చెయ్యేసుకుని నిలబడిపోతున్నాడు. “ఏమైందండీ?” అంటే, “తలనొప్పి. అమృతాంజనం రాసుకున్నా” అంటాడు. అమృతాంజనం వాసన ఆమెకు తెలియదా?

కింది వాటాలో ఉండే ఇంటావిడ అమృతమ్మ కూడా ఒకరోజు మెట్ల దగ్గర ఆపి గుసగుసలాడింది.

“ఏందమ్మా భాగ్యా, సారు పక్కకెళ్లి పోతుంటే దవాఖాన వాసనొస్తున్నది? మా ఆయన గూడ మొదట్ల గట్లనే బాత్రూంల గడియ పెట్టుకుని తాగేటోడు. నేనేం అంటలేను బిడ్డా... జర చూస్కో!”

భాగ్య ఏదో సర్దిచెప్పి పైకి వచ్చేసింది. ఒకపక్క పాప ముఖం... ఇంకోపక్క ఇది! ఎవరితో చెప్పుకోవాలి? అమ్మతో చెప్పుకునే దారి కూడా అత్తగారు మూసేసింది కదా!

శనివారం సాయంత్రం ఇంటి దగ్గర్లోనే, తార్నాకలో ఉన్న చర్మవ్యాధుల డాక్టరు అరుంధతిగారి దగ్గరికి పాపను తీసుకెళ్లారు. “నేను రాకపోతే మీవాళ్ల సంగతి డాక్టరమ్మకు ఎవరు చెప్తారు?” అంటూ వేదవతమ్మ కూడా బయల్దేరింది. కుర్చీలో కూచుని మనవరాలిని ఒళ్లో పడుకోబెట్టుకుని, అడక్కముందే భాగ్య పుట్టింటి చరిత్రంతా మొదలుపెట్టింది.

డాక్టరు ఓపిగ్గా విన్నది. పాప చెంపను వేలితో మెల్లగా నిమిరి, “వంశంలోదైతే రెండువైపులా రావాలి కదమ్మా! ఒకవైపే ఎందుకొచ్చింది?” అని, తలెత్తి అందరినీ చూసింది. “ఇంట్లో ఎవరైనా తలకు గానీ ఒంటికి గానీ ఏమైనా మందు రాసుకుంటున్నారా?”

“కొబ్బరినూనె తప్ప మా ఇంట్లో ఇంకేమీ లేదు తల్లీ” అంది వేదవతమ్మ.

భాగ్య భర్త వైపు చూసింది. ఎందుకు చూసిందో ఆమెకే తెలియదు. రంగనాథ్ నేల చూపులు చూస్తూ, “లేదండీ...” అన్నాడు. నుదుటి మీద చెమటలు పట్టాయి.

“అయితే అనుమానం తీరడానికి హార్మోన్ల పరీక్షలు కూడా చేయించాలి. ముందు కాస్త రక్తం తీద్దాం” అంది డాక్టరు.

నర్సు శివమ్మ వచ్చింది. చల్లటి తన వేళ్లను చీరకు రుద్ది వెచ్చచేసుకుని, అప్పుడు పాప చెయ్యి పట్టుకుంది. రబ్బరు కట్టింది. సూదిని అరచేతి చాటున దాచి, “మా బంగారు తల్లి కదా... గటు చూడు, గటు చూడు!” అంటూ లాలించింది. తేజస్వి ఆమెను చూసి కిలకిలా నవ్వింది. భాగ్య కళ్లు గట్టిగా మూసుకుంది...

“ఆపండమ్మా! సూది వద్దు!”

ఆ కేక రంగనాథ్‌ది!

“నేను... నేను రాసుకుంటున్నాను. తలకి. జుట్టు రావడానికి మందు. ఆర్నెల్లుగా... రోజూ రెండుపూటలా.”

శివమ్మ గబగబా రబ్బరు విప్పేసింది. భాగ్యకు ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఆ వాసన... మూసిన తలుపు... తాగుడు కాదు! తాగుడు కాదు కానీ...

“పాపకెలా అంటింది? ఆ తలతోనే ఎత్తుకుంటారా?” అడిగింది డాక్టరు.

“లేదండీ! చేతులు సబ్బుతో కడుక్కునే ఎత్తుకుంటాను. తల ఆరేదాకా తుండుగుడ్డ చుట్టుకునే ఉంటాను...” అంటూ ఆగిపోయాడు. అతని చూపు తల్లి ఒడి మీద పడింది. పాప ఎడమ చెంప కింద మెత్తగా మడతపెట్టి ఉంది, అదే తుండుగుడ్డ!

వేదవతమ్మ ముఖం పాలిపోయింది. “తండ్రి కట్టి విడిచిన గుడ్డ పక్కలో ఉంటే పిల్ల దడుసుకోదని... నేనే తల్లీ! పడుకోబెట్టినప్పుడల్లా దండెం మీది నుంచి తీసి చెంప కింద పెడుతున్నా. తండ్రి వాసన పోతుందని భాగ్యను ఉతకనిచ్చేదాన్ని కాదు... ఎడమపక్కకు తిరిగే నిద్రపోతుంది నా బంగారం...”

డాక్టరు గుడ్డ వాసన చూసి తలూపింది. “ఈ మందు రాసుకున్న ఆడవాళ్లకు ముఖం మీద నూగు రావడం చూశాను. పసిపిల్లకు గుడ్డ ద్వారా అంటడం మాత్రం ఎక్కడా చూడలేదు. అందుకే ఖాయంగా చెప్పలేను. ఆ గుడ్డ తీసేసి కొన్ని నెలలు చూద్దాం. పల్చబడితే సూది అవసరమే లేదు. రుద్దడం మాత్రం ఈ రోజే ఆపేయండి.” తరవాత రంగనాథ్ వైపు తిరిగింది. “మీకు గుండెదడ ఉందా?”

“మెట్లెక్కితే... కొంచెం.”

“మందు చెడ్డదని అనను. కొందరికి జుట్టు వస్తుంది. కానీ రాసినన్నాళ్లే అది నిలుస్తుంది. మానేస్తే వచ్చింది రాలిపోతుంది. దడ ఉన్నప్పుడు గుండె చూపించుకోకుండా రాసుకోకూడదు. ఇంట్లో పసిపిల్ల ఉంది. ఏది ఎంత ముఖ్యమో తూచుకోవాల్సింది మీరే.”

బయట వరండాలోకి వచ్చాక భాగ్య ఇక ఆపుకోలేకపోయింది.

“రెండు నెలలు! మా అమ్మ మీసాల గురించి మీ అమ్మగారు అంటుంటే పేపరు చదువుకుంటూ కూచున్నారు మీరు!”

“నా మందు వల్లేనని అప్పుడు తెలియదు భాగ్యా...”

“డాక్టరమ్మ అడిగినప్పుడు తెలిసింది కదా! అయినా లేదన్నారు! సూది పాప చేతి దాకా వచ్చింది!”

“భయమేసింది.”

“ఎవరంటే?”

“నువ్వంటేనే. నవ్వుతావని...” రంగనాథ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. “సికింద్రాబాద్ బస్సులో కండక్టరు నన్ను చూపించి, ‘మీ నాయినకు సీటియ్యమ్మా’ అన్నాడు. ఇల్లు చేరేదాకా నువ్వు నవ్వుతూనే ఉన్నావు. ముప్పై మూడేళ్లు నాకు...”

భాగ్యకు గుర్తొచ్చింది. నిజమే... నవ్వింది. ఆయనా నవ్వాడనుకుంది! ఆ నవ్వు అంత లోతుగా గుచ్చుకుంటుందని కలలో కూడా అనుకోలేదు. ఆ క్షణం ఆయన మీద జాలి కలిగింది. అయినా కోపం పోలేదు.

“నా నవ్వు మీకు ఆర్నెల్లు గుర్తుంది. మా అమ్మ ఏడుపు ఒక్కపూటైనా గుర్తుకు రాలేదా?”

అంతలో వేదవతమ్మ భుజం మీది పాప తండ్రిని చూసి రెండు చేతులూ చాచింది. అతను అందుకోబోయి, చటుక్కున చేతులు వెనక్కి తీసుకున్నాడు. చెయ్యి తన నడినెత్తి మీదికి పోయింది. అక్కడ ఈమధ్యే మొలిచిన మెత్తటి వెంట్రుకలు... రోజూ అద్దంలో చూసి మురిసిపోయినవి! వాటిని ఒకసారి నిమురుకున్నాడు.

“నల్లా గాడున్నది సారూ. సబ్బు గూడ ఉన్నది” అంది గుమ్మంలో నిలబడ్డ శివమ్మ, ఎటో చూస్తూ.

వరుసలో కూచున్న పేషెంట్లు వింతగా చూస్తుంటే, లెక్చరరుగారు నల్లా కింద తల వంచి రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ఇస్త్రీ చొక్కా నడుం దాకా తడిసిపోయింది. నీళ్లు కారుతూ వచ్చి పాపను గుండెకు హత్తుకున్నాడు.

“రాలిపోనీ భాగ్యా... మళ్లీ రాయను.”

భాగ్య కొంగుతో ఆ తల తుడిచింది. క్షమించిందో లేదో ఆమెకే తెలియలేదు. తుడవడం మాత్రం ఆపలేదు.

ఇంటిదారిలో ఎస్టీడీ బూత్ దగ్గర వేదవతమ్మ ఆగిపోయింది. లోపలికి వెళ్లి, కోడలిని కూడా రమ్మంది. అనంతపురం నంబరు తిప్పించుకుంది.

“వదినా... నేను వేదవతిని. పాపకు భయం లేదంట. నీ ఇంటి రక్తంలో ఏ జబ్బూ లేదు వదినా! తప్పు మా ఇంట్లోది. నా కొడుకు దాచిపెట్టె, నేను నా చేతులతో నా మనవరాలికి పూస్తి! నిన్ను అనరాని మాట అన్నా... ఏడవద్దు వదినా... నువ్వు ఏడిస్తే నేను నిలబడలేను...”

కళ్లు ఒత్తుకుని రిసీవరు భాగ్య చేతికిచ్చింది. పెళ్లయినప్పటి నుంచి భాగ్య పుట్టింటికి ఫోను చేసినప్పుడల్లా ఆవిడ పక్కనే నిలబడి, ప్రతి మాటా వినేది. ఈ రోజు బయటికి నడిచింది. నడిచి, అద్దాల తలుపు తన చేత్తో తానే దగ్గరగా మూసింది. తరవాత ఎవరికీ లోపలి ముఖం కనిపించకుండా, తలుపుకు వీపు ఆనించి అడ్డంగా నిలబడింది.

“అమ్మా!” అంది భాగ్య. ఇన్నాళ్ల తరవాత, గొంతు తగ్గించుకోకుండా.