తెల్లబడిన నీలం

"మా ఆయన్ని దొంగన్నారయ్యా! నట్టవీధిలో, అందరూ వింటుండగా అన్నారు!"

డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె భర్త నగల దుకాణంలో రాళ్లకు సానపట్టేవాడు. నిన్న యజమాని బయటికెళ్లినప్పుడు ఒక టీచరమ్మ అక్కడే కొన్న ఉంగరం తెచ్చింది. అందులోని నీలంరాయి గీతలు పడి, మొన విరిగి ఉంది. అతను పైనా కిందా అరగదీశాడు. మళ్లీ ఉంగరంలో కుదరాలి కాబట్టి రాయి నడుము చుట్టూ ఉండే అంచు మాత్రం ముట్టుకోలేదు. తీరా చూస్తే నీలం కాస్తా తెల్లరాయి అయి కూర్చుంది. అసలు రాయి నొక్కేశాడని యజమాని వీధిలోకి ఈడ్చి మరీ పోలీసులకు అప్పగించాడు.

సహాయకుడికి ఒళ్లు మండిపోయింది. అతని గురువు డిటెక్టివ్ కాకముందు కాలేజీలో లోహాలు, స్ఫటికాల గురించి పాఠాలు చెప్పినవాడు. అందుకే అందరూ ఆయన్ని ప్రొఫెసరంటారు. ఆయన నేరుగా టీచరమ్మ ఇంటికి నడిచాడు.

"యజమానికి మీరేం చెప్పారమ్మా?"

"దుకాణం బయట నిలబడి, సానపట్టిస్తున్నానని ఫోన్ చేశానండీ, అంతే. తెల్లరాయి అంటగట్టాడా దొంగవెధవ అని ఇంతెత్తున లేచారు. లోపలికెళ్లి చూస్తే నిజంగానే తెల్లగా ఉంది!"

సాయంత్రం అందరూ దుకాణంలో చేరారు. ఇన్‌స్పెక్టరు పనివాణ్ణి తీసుకొచ్చాడు. అతను తల ఎత్తలేదు. పరువుగల పెద్దమనిషి కదా, యజమాని షట్టర్ కిందికి లాగించాడు.

పైమెరుపు అడ్డురాకుండా ప్రొఫెసరు రాయిని గాజుగిన్నెలోని ద్రవంలో వేసి, కింద దీపం పెట్టాడు. రాయంతా తెల్లగా ఉంది. నడుము చుట్టూ మాత్రం సన్నని నీలిగీత కనిపించింది.

"ఇది పుట్టుకతోనే తెల్లరాయి. ఏ స్ఫటికంలోనైనా అణువుల వరుసల మధ్య అక్కడక్కడా ఖాళీలుంటాయి. రంగునిచ్చే పొడిలో పాతి కొలిమిలో కాలిస్తే, పొడిలోని అణువులు ఆ ఖాళీల్లోకి జరుగుతూ లోపలికి దిగుతాయి, కిక్కిరిసిన బస్సులో ఖాళీ అయిన సీట్లోకి జరిగినట్టు. కానీ పైపొర దాటవు. సాన తగిలినచోట ఆ పొర పోయింది, తగలని నడుముకి మిగిలింది. ఆ నడుము ఈ ఉంగరంలో ఇప్పటికీ అచ్చంగా కూర్చుంటోంది. రాయి మారలేదు."

"నన్నూ ఎవడో మోసం చేశాడండీ! నాకేం తెలుసు?" అన్నాడు యజమాని.

ప్రొఫెసరు గొంతు హెచ్చింది. సహాయకుడు ఆయన్ని అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"తెలీదా? ఈవిడ సానపట్టిస్తున్నానని మాత్రమే చెప్పింది. అప్పటికి రాయిని ఈవిడే చూడలేదు. తెల్లబడుతుందని నీకెలా తెలిసింది? నీ మోసం బయటపడుతుందని కష్టపడి బతికేవాణ్ణి లాకప్పులో తోయిస్తావా?"

యజమాని గొంతు తగ్గించాడు. "సర్లెండి, నలుగురిలో ఎందుకు? కేసు వెనక్కి తీసుకుంటాను. క్షమించమనే అంటున్నాను కదా."

అప్పటిదాకా పళ్లు బిగించి విన్న పనివాడి భార్య లేచింది.

"దొంగా అని అరిచింది వీధిలోనా? క్షమాపణ షట్టర్ చాటునా?"

రెండు చేతులతో షట్టర్ పైకి తోసింది. ఆ చప్పుడుకి దారినపోయేవాళ్లు ఆగారు. యజమాని ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఆయన వీధివైపు చెయ్యి చూపించాడు.

యజమాని గడప దిగి, నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"వినపడట్లేదు," అంది ఆవిడ.