నలభై ఐదు నిమిషాల దూరం

శనివారం ఆరు కాకముందే అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"చిన్నది బయలుదేరిందా?"

"ఇంకా తెల్లారనేలేదమ్మా. ముందు ఇలా తిరుగు, తల దువ్వుతాను," అంది పెద్ద కూతురు.

"నువ్వు లాగుతావే. చిన్నది వస్తోందిగా, అదే వేస్తుందిలే జడ."

పెద్ద కూతురు దువ్వెన కింద పెట్టేసింది. రోజూ ఒళ్లు తుడిచేదీ, మాత్రలు మింగించేదీ తను. అమ్మ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసేది మాత్రం నెలకోసారి వచ్చే చెల్లెలి కోసం.

పెద్ద కూతురు ఊరి చివరి చిన్న విమానాశ్రయంలో వాతావరణం చూసే ఉద్యోగి. ఇల్లు దాని గోడ పక్కనే. పొద్దున్నే మేడెక్కి, ఎదురుగా ఎన్ని కొండలు కనబడుతున్నాయో చూసి రిపోర్టు పంపుతుంది. దాన్నిబట్టే కొండల అవతల చెల్లెలు ఉండే ఊరి నుంచి పంతొమ్మిది సీట్ల విమానం లేస్తుంది. గాలిలో నూట ఎనభై కిలోమీటర్లు, నలభై ఐదు నిమిషాలు. కొండలు చుట్టి బస్సులో వస్తే పదకొండు గంటలు.

ఆ రోజు అయిదు కొండలూ కడిగినట్టు కనబడ్డాయి. రిపోర్టులో ఉన్నదే రాసింది. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఇక్కడ మంచు కమ్మేసిందే. విమానం వచ్చేలా లేదు. ఈసారికి ఆగిపో."

"సరే అక్కా."

అమ్మకీ అదే చెప్పింది. ఎనిమిదింటికి ఇంటి మీదుగా విమానం దిగిన చప్పుడుకు అమ్మ తలెత్తింది.

"అదేంటే మరి?"

"సరుకుల విమానంలే," అంది, అమ్మ మొహం చూడకుండా.

సాయంత్రం ఏడింటికి చెల్లెలు గుమ్మంలో నిలబడింది.

"బస్సులో వచ్చానమ్మా! పక్క సీట్లో కోళ్ల బుట్ట. నాకంటే అవే హాయిగా నిద్రపోయాయి."

అమ్మ నవ్వింది. ఆ నవ్వు వింటూ వంటింట్లో అక్క గిన్నెలు టకటకమనిపించింది. చెల్లెలు లోపలికి రాగానే పట్టలేకపోయింది.

"పదకొండు గంటలు పడి రావాలా? అమ్మ దగ్గర మంచిదాన్ననిపించుకోవాలనేగా! నెలంతా నేను చేసేది లెక్కలోకి రాదు. నువ్వొచ్చి ఓ జడేస్తే బంగారు తల్లివి!"

"మంచు లేదక్కా," అంది చెల్లెలు మెల్లగా. "నువ్వు ఫోన్ చేసేసరికి నేను విమానం మెట్ల దగ్గరున్నాను. మీ ఊళ్లో ఎండ కాస్తోందని పైలట్ చెప్పాడు."

అక్క చేతిలో గిన్నె ఆగిపోయింది. "మరి ఎక్కి రావాల్సింది."

"వస్తే అమ్మ ముందు నువ్వు అబద్ధమాడినదానివి అవుతావు. రోజూ నీ చేతుల్లో ఉండే మనిషి. నీ మాట మీద నమ్మకం పోతే, నువ్విచ్చే మాత్రైనా మింగుతుందా?"

అక్క గోడకు ఆనుకుంది. "నీ మీద కుళ్లే నాకు."

"తెలుసు. నాకు నీ మీద లేదనుకున్నావా? వచ్చినప్పుడల్లా పక్కలో పడుకునేది నేను, నిద్రలో అమ్మ పిలిచేది నిన్ను."

అప్పుడు చూసింది అక్క, చెల్లెలి పాదాలు ఎంత వాచిపోయాయో. బేసిన్‌లో వేణ్నీళ్లు పోసి, కింద కూర్చుని, ఆ పాదాలు రెండూ అందులో పెట్టింది. వంగిన తల మళ్లీ చాలాసేపు ఎత్తలేదు.