మూడు ట్రేల బ్రెడ్

"టైమయింది!" అంటూ పిడుగు ఓవెన్ తలుపు తీసింది.

పిడుగంటే పదకొండేళ్ళ పిల్ల. వాళ్ళింటి ముందు గదిలోనే నాన్న బేకరీ. ఇవాళ స్కూల్లో ఆటల పోటీలు. ఒంటి గంటకు పిల్లలందరికీ ఇక్కడి బ్రెడ్డే వెళ్ళాలి. పిడుగు పరుగు పందెం సాయంత్రం కాబట్టి తను ఇంట్లోనే ఉంది. నాన్న మొదటి విడత వ్యాన్‌లో పట్టుకెళ్తూ, "చూసి తియ్యి. గడియారం కాదు, బ్రెడ్ చూసి!" అని మరీ చెప్పాడు.

పిడుగు మాత్రం ట్యాబ్‌లో టైమర్‌నే చూసింది. గొడుగు తీసుకెళ్ళాలో వద్దో కూడా ఆ ట్యాబే చెప్పాలి. కిటికీలోంచి చూడొచ్చుగా అంటే, "దానికి బాగా తెలుసు" అంటుంది.

మందపాటి గ్లవ్స్ వేసుకుని మూడు ట్రేలూ బయటికి లాగింది. ఒక బ్రెడ్ కోసి చూసింది. చాకుకి పచ్చిపిండి అంటుకుంది.

"రోజూ పెట్టేది సరిగ్గా ఇరవై అయిదు నిమిషాలేగా!"

గబగబా ట్యాబ్‌లో వెతికింది. బోలెడు సలహాలు. ఒకదానికొకటి పొంతన లేదు. ఫ్రెండ్సంతా ఆకలితో ఎదురుచూస్తుంటారు. పిడుగు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవరే తలుపు తీసింది? ఇంకా పిండి వాసనేగా వస్తోంది!" లోపలి గదిలోంచి నాయనమ్మ గొంతు.

పిడుగు నోరు తెరిచేసింది. అక్కణ్ణుంచే తెలిసిపోయిందా!

నాయనమ్మకు చూపు సరిగా ఆనదు. గోడ పట్టుకుని వచ్చింది. గుడ్డతో ఒక బ్రెడ్ అందుకుని, బోర్లించి, అడుగున వేళ్ళతో తట్టింది. ధబ్ అంది.

"విన్నావా? లోపల తడి. కాలితే ఖాళీ డబ్బాలా మోగుతుంది. ఇవాళ ఎన్ని ట్రేలు పెట్టారు?"

"మూడు."

"రోజూ రెండేగా! అదే వేడి ముగ్గురు పంచుకోవాలంటే ఆలస్యం కాదూ? పద, లోపల పెట్టు."

"ఎన్ని నిమిషాలు, నాయనమ్మా?"

"నాకేం తెలుసే? ఆ బ్రెడ్‌నే అడుగు."

"ఇదంతా నీకెవరు నేర్పారు?"

"మాడ్చి నేర్చుకున్నా. మాడిందంతా మీ తాతయ్యే తిన్నాడు, పాపం!"

పిడుగు పకపకా నవ్వింది. ట్రేలు లోపల పెట్టి, పది నిమిషాలకు ట్యాబ్‌లో అలారం పెట్టింది. ఓవెన్ ముందు స్టూల్ వేసుకుని కూర్చుని గట్టిగా వాసన పీల్చింది. పిండి వాసన. కాసేపటికి ఇంకేదో కమ్మటి వాసన, సన్నగా.

అలారం మోగింది. ఒక్క బ్రెడ్ తీసి తట్టింది. ధబ్.

"ఇంకా కాలేదు," అని తిరిగి పెట్టేసింది.

వాసన గదంతా నిండింది. అప్పుడు మళ్ళీ ఒకటి తీసింది.

వీధిలో వ్యాన్ ఆగింది. నాన్న హడావిడిగా లోపలికొచ్చాడు. "అయ్యాయా? అవతల పిల్లలు..."

"ష్! మాట్లాడకు నాన్నా," అంది పిడుగు, గుడ్డలో పట్టుకున్న బ్రెడ్ దగ్గరికి చెవి వంచి అడుగున తడుతూ. "వింటున్నా."