నీళ్లడగని గచ్చు

టీ గ్లాసు పట్టుకుని తాపీ మేస్త్రి వరండా ముందు నిలబడ్డాడు. కూతురు పోసిన గచ్చు ప్లాస్టిక్ పట్టా కింద ఉంది. ఐదు రోజులుగా ఆయనకు ఆ పట్టా మీదే అనుమానం. కింద ఏమవుతోందో ఏమో! బొగ్గు కాల్చిన బూడిదట, ఇనుము కరిగించాక కొలిమిలో మిగిలే చిట్టెమట, ఏదో ఘాటు ద్రావణంతో కలిపితే రాయవుతుందట. పేరు జియోపాలిమర్ సిమెంటు. బస్తా సిమెంటైనా విప్పకుండా గచ్చేమిటి, నా తలకాయ!

ఇవాళ బిల్డరు చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే అతను కడుతున్న కొత్త బడి గచ్చులన్నీ ఆమెకే. ఇందుకోసమే లేబొరేటరీ ఉద్యోగం వదులుకుంది.

కూతురు వచ్చి పట్టా లాగింది. కుళాయి వైపు సగం తెల్లగా పొక్కి ఉంది. గోటితో గీకితే పిండిలా రాలింది.

"చెప్తే విన్నావా? బూడిద బూడిదే!" అన్నాడు మేస్త్రి.

ఆమె సుత్తి తెచ్చి అవతలి మూల కొట్టింది. ఖంగుమంది. మళ్లీ ఇవతల కొట్టింది, పెచ్చు లేచింది. మెల్లగా తండ్రి వైపు తిరిగింది.

"ఒకే కలుపు, ఒకే రోజు పోశాను. నువ్వేం చేశావు నాన్నా?"

"నేనా?"

"నీకు మొదట్నుంచీ గిట్టలేదుగా. నిజం చెప్పు."

వంటింట్లోంచి తల్లి పరుగెత్తుకొచ్చింది. "కన్నతండ్రిని పట్టుకుని ఆ మాటలేమిటే?"

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. "ఏం చేశానా? నువ్వు గాలికొదిలేస్తే రోజూ తెల్లారకుండా లేచి, పట్టా అంచెత్తి, పైపు దూర్చి నీళ్లు పట్టాను! ఎండి పగిలితే నలుగురిలో నీ పరువు పోతుందని! అదీ తప్పేనా?"

కూతురు ఉన్నచోటే చతికిలబడింది.

"దీనికి నీళ్లు పట్టకూడదు నాన్నా. ఆ ద్రావణమే దీన్ని గట్టిపరిచేది. పచ్చిగా ఉండగా నీళ్లు పోస్తే అది కాస్తా కొట్టుకుపోతుంది."

"మరి నాతో ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెప్పబోయినప్పుడల్లా నవ్వావు."

మేస్త్రి టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. నిజమే, నవ్వాడు. వీధివాళ్ల ముందు కూడా నవ్వాడు.

గేటు దగ్గర కారు ఆగింది. బిల్డరు లోపలికి వస్తూనే తెల్లటి పెచ్చుల్ని చూసి మొహం చిట్లించాడు. కూతురు గబగబా కళ్లు తుడుచుకుంది. "సార్, కలుపులో చిన్న పొరపాటు జరిగింది..."

తనని కాపాడ్డానికి తప్పు నెత్తిన వేసుకుంటోంది పిచ్చిపిల్ల! మేస్త్రి ముందుకొచ్చాడు.

"కలుపులో ఏ పొరపాటూ లేదు సార్. నేను నీళ్లు పట్టి పాడుచేశాను." సుత్తి తీసి బిల్డరు చేతికిచ్చి అవతలి మూల చూపించాడు. "అది నా కూతురి పని, కొట్టి చూడండి. ఈ రాలిపోయేదంతా నా నిర్వాకం."

బిల్డరు ఒకటికి నాలుగుసార్లు కొట్టాడు. చిన్న బీట కూడా పడలేదు.

"బళ్లో ముందు ఒక గది పొయ్యమ్మా, చూద్దాం. మేస్త్రిగారికి మాత్రం పైపు అందనివ్వకు" అన్నాడు నవ్వుతూ.

ఆయన వెళ్లాక మేస్త్రి కూతురి పక్కనే కింద కూర్చున్నాడు. కళ్లు ఆమెకు కనబడకుండా తల వంచుకున్నాడు.

"ఆ గదికి నన్ను కూలీగా పెట్టుకో. ఎలా కలపాలో నేర్పు తల్లీ. ఈసారి నవ్వను."