నాలుక లోపలికి కుట్టిన జిప్పు

"ఏమండీ, మీ జిప్పు తిరగబడింది!"

బట్టలు సరిచేసే ఆ చిన్న దుకాణంలో ఈ మాట పడగానే ముగ్గురు ఆడవాళ్లు తలెత్తి చూశారు. మాట పడ్డవాడు మాత్రం తల దించి చూసుకున్నాడు.

ప్యాంటు జిప్పు ఉండాల్సిన చోట బుద్ధిగానే ఉంది.

"అక్కడ కాదు మహానుభావా, చేతిలో!" అంది మిషను ముందు కూర్చున్న అమ్మాయి.

అతని చేతిలో పాత జీన్సు గుడ్డతో కుట్టిన సంచి ఒకటుంది. డబ్బాలా గుండ్రంగా, పొట్టిగా, గట్టిగా ఉంది.

"లోపల ఏముంది?"

"లెన్సు."

"కంట్లో పెట్టుకునేదా? ఇంత పెద్దదా? ఎవరి కన్నండీ, ఏనుగుదా?"

"కెమెరాది."

"తీయండి మరి."

"రావట్లేదు."

అంతటితో అతని మాటలు అయిపోయాయి. రోజుకి ఇన్నేనని ఎవరో కొలిచి చేతిలో పోసినట్టు మాటల్ని వాడే మనిషి అతను. వీధిలో అందరికీ కెమెరా అబ్బాయి. ఆ అమ్మాయిని వీధిలో అందరూ కత్తెర అంటారు, కానీ వెనకాలే. ఎదురుగా అన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. దుకాణం వాళ్ల అమ్మమ్మది. అమ్మమ్మ గుమ్మం పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతూ ఉంటుంది. ఆమెకి చెవులు సగమే వినపడతాయి. ఏ సగమన్నది ఆమె ఇష్టం.

ఇంతకీ జరిగిందేమిటంటే, కెమెరా అబ్బాయి పనిచేసే ఫోటో స్టూడియో యజమాని మొదటిసారి అతనికి ఒంటరిగా ఒక పని అప్పజెప్పాడు. బడి పిల్లల గ్రూపు ఫోటో. ఆ యజమాని నలభై ఏళ్లు ఎడమ కన్ను మూసి కుడి కన్నుతో కెమెరాలోంచి చూసీ చూసీ, ఆ ఎడమ కన్ను ఇప్పుడు దానంతటదే మూసుకుంటోంది. అందుకని అతను కన్నుగీటు మామయ్య అయ్యాడు. ఎదురుపడితే ఆడవాళ్లు రోడ్డు దాటిపోతారు.

"ఈ లెన్సు నా పెళ్లాంరా. దాని మీద గీత పడిందో, నీ ఉద్యోగం మీద గీత పడుతుంది," అని చెప్పి మరీ ఇచ్చాడు మామయ్య.

లెన్సు పెట్టుకునే సంచి ధర కెమెరాల దుకాణంలో అడిగితే, దానికన్నా లెన్సే చవకేమో అనిపించింది కెమెరా అబ్బాయికి. ఇంట్లోనే కుట్టుకుందామనుకున్నాడు. తన పాత జీన్సులో ఒక కాలు మోకాలి కింద కోశాడు. గుడ్డ గొట్టం తయారుగా వచ్చేసింది. అడుక్కి గుండ్రంగా ఒక ముక్క, మధ్యలో కుర్చీ దిండులోంచి లాగిన స్పాంజి, లెన్సుకి ఒరుసుకోకుండా లోపల పసుపుపచ్చ పైజామా మెత్తగుడ్డ. అయిదో సూది విరిగినప్పుడు వాళ్లమ్మ వచ్చి నిలబడి, "నాయనా, అది కుట్టుమిషను. బావి తవ్వేది కాదు," అంది.

అన్నీ కుదిరాయి, ఒక్క జిప్పు తప్ప. పట్టుకుని లాగడానికి జిప్పుకి ఒక చిన్న నాలుక ఉంటుంది కదా, అది బయటికి ఉండాలి. ఇతను లోపలికి కుట్టేశాడు. పొద్దున్న లెన్సు పెట్టి, గోటితో తోస్తే జిప్పు జామ్మని మూసుకుంది. తెరవాలంటే నాలుక పట్టుకు లాగాలి. నాలుకేమో లెన్సుతోపాటు లోపల కూర్చుంది.

"లోపల గడియ పెట్టుకుందన్నమాట," అంది కత్తెర సంచిని అటూ ఇటూ తిప్పుతూ. "ఇక మీ లెన్సే వచ్చి తలుపు తీయాలి. దానికి చేతులున్నాయా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"అడిగినదానికల్లా జవాబు చెప్పక్కర్లేదు! ఎన్నింటికి కావాలి?"

"పదకొండున్నరకి."

"ఇప్పుడు పదకొండు దాటింది! కోసేయనా?"

"వద్దు!"

అతను ఆ దుకాణంలో గట్టిగా అన్న మొదటి మాట అది. తర్వాత గొంతు తగ్గించి, "మూడు ఆదివారాలు కుట్టాను," అన్నాడు.

కత్తెర కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసుకుని జిప్పు అంచు పట్టుకుంది. రెండు కుట్లు విప్పి ఆగింది. సంచిని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. చీమలు వరసగా నడిచినట్టున్నాయి కుట్లు. ఎక్కడా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి లేదు. మూలల్లో విడిపోకుండా రెండేసి సార్లు వేశాడు.

"ఎవరు కుట్టారు?"

"నేనే."

"బుర్ర లేదుగానీ చెయ్యి ఉంది మీకు."

అతన్ని అంతకుముందు ఎవరూ అంతలా పొగడలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

ఎనిమిది నిమిషాలకి జిప్పు ఒక పక్క ఊడి, లెన్సు బయటికి జారింది.

"ఏం పుట్టింది?" అనడిగింది అమ్మమ్మ కుర్చీలోంచి.

"లెన్సు, అమ్మమ్మా!"

"తల్లీ పిల్లా క్షేమమేనా?"

అతను లెన్సు ఎత్తుకుని పరుగు తీశాడు. థాంక్స్ చెప్పలేదన్న సంగతి బడి గేటు దగ్గర గుర్తొచ్చింది.

సాయంత్రం సంచి కోసం తిరిగొచ్చేసరికి అది పొద్దున్న ఉన్నట్టే పొట్ట తెరుచుకుని బల్ల మీద పడుంది.

"కుట్టలేదా?"

"తప్పు ఎవరు కుడితే వాళ్లే దిద్దాలి. ఆ మిషను ఖాళీగానే ఉంది, కూర్చోండి," అంది కత్తెర.

కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడి చెప్పింది. "చూడండి, గుడ్డకి ఒక ముఖం ఉంటుంది. జిప్పుకీ ఒక ముఖం ఉంటుంది. రెండింటినీ ముఖాముఖీ పెట్టి కుట్టాలి. కుట్టాక తిరగేస్తే, అప్పుడు రెండూ బయటి లోకాన్ని చూస్తాయి. అర్థమైందా?"

అతను చూస్తున్నాడు.

"నా ముఖం కాదు, జిప్పు ముఖం!"

గుమ్మం దగ్గర అమ్మమ్మ దగ్గింది. దగ్గో, నవ్వో చెప్పడం కష్టం.

జిప్పు పూర్తయింది. ఈసారి నాలుక బయటికి వచ్చింది. వెళ్లబోతుంటే కత్తెర అడిగింది, "ప్యాంటుకి రెండు కాళ్లుంటాయిగా. రెండోదేం చేశారు?"

"ఉంది."

"దాన్నయినా బతకనివ్వండి."

మర్నాడు అతని చొక్కా గుండీ ఊడింది. రెండు రోజులు పోయాక ఇంకోటి ఊడింది. తర్వాత చేతి మడత దగ్గరిది. ఆ పైన మెడ దగ్గరిది. చొక్కా పట్టుకుని వస్తాడు, "గుండీ," అంటాడు, బల్ల మీద పెడతాడు. కత్తెర డబ్బాలోంచి కొత్త గుండీ ఏరి కుడుతుంది. కుట్టినంతసేపూ ఏదో ఒకటి అంటుంది. అతను వింటాడు. ఆ పది నిమిషాల కోసం అతను రోజంతా పెళ్లి జంటల్ని "కొంచెం నవ్వండి" అని బతిమాలుతూ గడిపేవాడు.

ఒకరోజు అమ్మమ్మ చొక్కా అందుకుని, గుండీ పోయిన చోట మిగిలిన దారం వెలుగులో పెట్టి చూసింది.

"ఊడిన గుండీకి దారం పీచులా వేలాడుతుంది. ఇది నున్నగా తెగింది. ఏం అబ్బాయ్, మీ ఇంట్లో ఎలుకలు గడ్డం గీసుకునే బ్లేడు వాడతాయా?"

అతని మొహంలో రక్తం ఇంకిపోయింది. కత్తెర మాత్రం తలెత్తలేదు. మిషను చప్పుడులో వినపడలేదు కాబోలు అనుకుని బతికిపోయాడు.

ఇంకో రోజు వాన. మామూలు వాన కాదు, ఆకాశానికే జిప్పు ఊడినట్టు కురుస్తోంది. అతను లెన్సు సంచిని చొక్కా లోపల పొట్టకి అదుముకుని దుకాణంలోకి వచ్చిపడ్డాడు. చొక్కాకి సరిగ్గా అక్కడే రెండు గుండీలు లేవు.

"సంచికి మీరు గొడుగా? మీకెవరండీ గొడుగు?" అంటూ కత్తెర పొడి గుడ్డ విసిరింది. "తుడుచుకోండి."

అతను సంచి తెరిచి, లెన్సు తీసి, జాగ్రత్తగా తుడిచాడు.

"తల తుడుచుకోమన్నాను!"

తుడుచుకున్నాడు. వాన ఆగేదాకా ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. ఆ చల్లదనానికి ధైర్యం వచ్చి అతనే నోరు తెరిచాడు.

"మీ పెద్ద కత్తెర పొడవెంత?"

ఆమె తిరిగి చూసింది. "ఎందుకూ?"

"రెండో కాలుతో సంచి కుడుతున్నాను. కత్తెర పెట్టుకోవడానికి."

"ఎవరికి?"

ఇక్కడ, మీకే, అని రెండక్షరాలు అనాలి. అవి గొంతుదాకా వచ్చాయి. ముందే చెప్పేస్తే ఇచ్చేటప్పుడు ఏం బాగుంటుందని మనసు అడ్డం పడింది. నాలుక లోపలే ఉండిపోయింది.

"చెప్పుకోలేని మనిషన్నమాట," అంది ఆమె. "వాళ్లకీ గుడ్డలు కోసే పనేనా?"

"ఊఁ."

"పక్కవీధిలో కొత్తగా బొటిక్ పెట్టిన అమ్మాయా?"

కాదనబోయాడు. సరిగ్గా అప్పుడే ఒకావిడ గొడుగు దులుపుకుంటూ వచ్చి, జాకెట్టు బిగుతైందని మొదలుపెట్టింది. తెరిచిన నోరు మూసేశాడు.

"పదంగుళాలు," అంది కత్తెర లోపలికి వెళ్లిపోతూ. "పోయి కుట్టుకోండి. ఈసారి జిప్పు జాగ్రత్త. అందరూ నాలాగా విప్పుతూ కూర్చోరు."

మర్నాటి నుంచి అతని చొక్కా బల్ల మీద పడగానే, "అమ్మమ్మా, ఆయన గుండీలు నువ్వు చూడు," అనడం మొదలుపెట్టింది. అమ్మమ్మ కుట్టేది. కుడుతున్నంతసేపూ తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పేది. కుడి మోకాలి చరిత్ర అయ్యాక ఎడమదాని చరిత్ర.

నాలుగు రోజుల్లో అతను సగమయ్యాడు. స్టూడియోలో ఒక కుటుంబం ఫోటో తీస్తూ తాతగారి తల కోసేశాడు.

"ఏమైందిరా?" అన్నాడు కన్నుగీటు మామయ్య. గుచ్చి గుచ్చి అడిగితే, నాలుగు ముక్కల్లో చెప్పాడు.

మామయ్య చాలాసేపు రెండు కళ్లూ తెరిచే ఉంచాడు. అది అరుదు. "ఒరేయ్, ఎంతసేపు చూసినా, మీట నొక్కితేనే ఫోటో. నేనూ ఒకమ్మాయిని ఈ కెమెరాలోంచి చూస్తూ ఊరుకున్నాను. వెలుగు ఇంకాస్త బాగుండనీ అనుకున్నాను. చివరికి ఈ గాజుముక్కని పెళ్లి చేసుకోవాల్సి వచ్చింది. వెళ్లి నొక్కు."

శనివారం మధ్యాహ్నం దుకాణం కిటకిటలాడుతోంది. కెమెరా అబ్బాయి వచ్చి నీలం జీన్సు సంచి బల్ల మీద పెట్టాడు. పొడవుగా, సన్నగా, పదంగుళాల కత్తెరకి సరిపోయేలా ఉంది. జిప్పు మూసి ఉంది.

కత్తెర ఒక్క చూపు చూసింది. "దేవుడా! మళ్లీ అదే తప్పు. నాలుక లోపలికి!"

"తప్పు కాదు."

"మరేమిటి?"

"విప్పండి."

ఆమె సంచి ఊపింది. లోపల గలగలమంది. ఊపడం ఆపి, సంచిని అతనివైపు తోసేసింది. "ఆ బొటిక్ అమ్మాయికే ఇవ్వండి. ఆమే విప్పుకుంటుంది."

"ఆమెకి కాదు."

"మరెవరికి?"

"కత్తెరకి."

దుకాణంలో అందరి తలలూ ఇటు తిరిగాయి. జాకెట్టు బిగుతైన ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఎదురుగా అనేశాడు!

"ఏ కత్తెరకి?" అంది ఆమె మెల్లగా.

అతను బల్ల మీదున్న పెద్ద కత్తెర వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. "రెండింటికీ."

ఆమె చెయ్యి అలవాటుగా కొక్కెం కోసం వెళ్లింది. మధ్యలో ఆగిపోయింది. చేతులు కట్టుకుంది.

"నేను విప్పను. ఒకసారి విప్పాను, చాలు. లోపలేముందో ఈసారి మీ నోటితో మీరే చెప్పాలి."

ముగ్గురో నలుగురో ఆడవాళ్లు, ఆమె, అమ్మమ్మ, గోడ మీది గడియారం, అన్నీ అతన్నే చూస్తున్నాయి.

"మీరంటే నాకు ఇష్టం."

"ఏంటీ?" అంది అమ్మమ్మ చెవి ముందుకు పెట్టి. "వినపళ్లేదు!"

"మీ మనవరాలంటే నాకు ఇష్టమండీ!"

"గొణగకు అబ్బాయ్, గట్టిగా చెప్పు!"

"మీ మనవరాలంటే ఇష్టమండీ! పెళ్లి చేసుకుంటానండీ!"

వీధిలో సైకిలు మీద పోతున్నవాడు కాలు దించి ఆగాడు. ఎదుటి మేడ మీద కిటికీ తెరుచుకుంది.

"మొదటిసారే వినపడిందిలే," అంది అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ. "వీధికి వినపడాలని అడిగాను. రేపు మళ్లీ నాలుక లోపలికి పోయిందనడానికి ఉండకూడదు."

కత్తెర తల వంచుకుని కొక్కెం తీసుకుంది. జిప్పు ఊడదీసి, సంచిని బల్ల మీద బోర్లించింది.

గుండీలు. తెల్లవి, నీలంవి, ఒక గోధుమరంగుది. పదకొండు గుండీలు దొర్లి వచ్చాయి. దేనికీ చిన్న దెబ్బ కూడా లేదు.

"దొంగ వెధవ! నా కొత్త గుండీలు పదకొండు దండగ చేయించాడు," అంది అమ్మమ్మ.

కత్తెర నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, ఒక గుండీ వేళ్ల మధ్య పట్టుకుంది. "మీకో సంగతి చెప్పనా? గుండీ నిలవాలంటే ఆరు చుట్లు వేయాలి. మీ చొక్కాలకి నేను రెండే వేసేదాన్ని."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అంటే..."

"వాటంతట అవే ఊడేవండీ బాబూ. మీరే ఆగలేక బ్లేడు అరగదీశారు."

"నేను మాత్రం ఎనిమిది చుట్లు వేశాను," అంది అమ్మమ్మ. "రోజూ ఇతని మొహం చూడలేక! సరేగానీ అబ్బాయ్, మీ అమ్మని రమ్మను, మాట్లాడతాను. ఆ కన్ను గీటేవాణ్ణి మాత్రం వెంట తీసుకురాకండి."

కత్తెర పొట్ట తెరుచుకున్న సంచిని అతని చేతిలో పెట్టి, ఖాళీ మిషను చూపించింది. "కూర్చోండి. తప్పు ఎవరు కుడితే వాళ్లే దిద్దాలి."

కూర్చున్నాడు. ఆమె పక్కకి వచ్చి నిలబడింది.

"ముఖాముఖీ పెట్టి కుట్టాలి కదూ?" అన్నాడు, ఆమె ముఖంలోకే చూస్తూ.

ఈసారి ఆమె సరిదిద్దలేదు.