తొంభై రెండు మెట్లు

"మీరు పోయిన వారం కూడా వచ్చారు," అన్నాడు జిన్‌ఫా, తలుపు జానెడు తెరిచి.

"ఆ ముందు వారం కూడా వచ్చాను. ఇంట్లో ఉండి లేనట్టు నటించారు," అంది ఆవిడ ఆయాసపడుతూనే.

మడిచిన గొడుగు నుంచి నీళ్ళు కారి ఆయన గుమ్మం తడిసిపోతోంది. కీలుంగ్ రేవు పట్నంలో వాన ఎప్పుడూ ఉండేదే. కానీ ఆ వానలో కొండ మెట్లన్నీ ఎక్కి, ఆపైన లిఫ్ట్ లేని ఐదంతస్తులూ ఎక్కి వచ్చిన మనిషి మొహాన తలుపు వేయడం జిన్‌ఫాకి కూడా కాస్త కష్టంగానే ఉంది.

"బజారు వెనక మన వృద్ధుల ఆరోగ్య కేంద్రం ఉంది కదా. పొద్దున్నే వ్యాయామం చేయిస్తారు, బీపీ చూస్తారు. మధ్యాహ్నం వేడివేడిగా చేప ఉండల సూపు..."

"నాకు పళ్ళు లేవు."

"ఉన్నాయి. ఇప్పుడే చూశాను, కరిచేట్టున్నారు."

తలుపు వేసేశాడు. వేశాక, చాలాకాలానికి తనకి నవ్వొచ్చిందని గమనించి, తన మీద తనకే కోపం తెచ్చుకున్నాడు.

తూ జిన్‌ఫాకి డెబ్బై మూడేళ్ళు. నలభై ఏళ్ళు ఓడరేవులో, ఓడల్ని లాగే టగ్ పడవల ఇంజన్ గదుల్లో పనిచేసి వినికిడి పోగొట్టుకున్నాడు; చెవి మిషన్ ఉంటేనే మాట వినిపిస్తుంది. రెండేళ్ళ క్రితం భార్య పోయింది. అప్పటి నుంచి బియ్యానికీ మందులకీ తప్ప కిందికి దిగడు.

వచ్చినావిడ లియావ్ బియున్. అరవై ఎనిమిదేళ్ళు. బడి వంటగదిలో పనిచేసి రిటైరైంది. అమ్మానాన్నలకి సేవ చేయడంలోనే పెళ్ళి వయసు దాటిపోయింది. వాళ్ళు పోయాక ఇల్లు బోసిపోతే, ఏడాదిగా కేంద్రంలో వలంటీరుగా తిరుగుతోంది.

ప్రతి బుధవారం ఆవిడ రావడం, ఆయన కసురుకోవడం మామూలైపోయింది. ఒక బుధవారం జిన్‌ఫా పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. ఎందుకని ఎవరైనా అడిగితే దురద అని చెప్పేవాడే.

"గడ్డం గీసుకున్నారే! ఎవరైనా వస్తున్నారా?" అంది బియున్.

"ఎవరూ లేరు. వలంటీర్ గారొకరు వచ్చి ప్రాణం తీస్తుంటారు, అంతే."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వులోనే నోరు జారింది. "మీ ఆవిడే ఉంటే ఈపాటికి మిమ్మల్ని చెవి పట్టుకుని తీసుకొచ్చేది."

జిన్‌ఫా మొహం పాలిపోయింది.

"మా ఆవిడకి మీ కేంద్రానికి వెళ్ళడం ఇష్టమే లేదు. నేనే పంపాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఇంట్లో కూర్చోకు, పో అని గొడుగు చేతికిచ్చి నేనే పంపాను. నలభయ్యో మెట్టు దగ్గర జారింది. పైకి లేవలేదు." ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు. "ఇంకెప్పుడూ రాకండి."

బియున్ వంగి నమస్కరించి వెళ్ళిపోయింది.

మరుసటి బుధవారం రాలేదు. జిన్‌ఫా మధ్యాహ్నం దాకా తలుపు దగ్గరే తచ్చాడి, అన్నం చల్లారాక తిన్నాడు.

ఆ పై వారం వచ్చింది. చేతిలో కాగితాల్లేవు. "పిలవడానికి రాలేదు. కాసేపు ఇక్కడ కూర్చోనా?" అని మెట్టు మీదే కూలబడింది. ఆయన స్టూలు తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఆ రోజు ఆయన భార్య గురించి చెప్పాడు, ఆవిడ విన్నది.

ఆ నెలలోనే మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే పాన్ చచ్చిపోయాడు.

బియున్ సోమవారం అతని తలుపు తట్టింది. పలకలేదు. చెల్లెలి ఊరు వెళ్ళాడనుకుంది. బుధవారం మళ్ళీ తట్టింది. శుక్రవారం వాసన వస్తోందని పోలీసులు వచ్చి తలుపు తెరిచారు. నాలుగు రోజులైందట.

"లోపల టీవీ మోగుతూనే ఉంది," అన్నాడు జిన్‌ఫా ఆవిడతో. "ఈ చెవిటి చెవులకే వినిపించింది. నాలుగు రోజులూ తిట్టుకున్నానే గానీ దిగి చూడలేదు."

"నేనూ విన్నాను," అంది బియున్. "విని వెళ్ళిపోయాను."



తరవాతి బుధవారం జిన్‌ఫా చెవి మిషన్ తీసి పక్కన పెట్టి స్నానానికి వెళ్ళాడు. వేడినీళ్ళు ఒంటి మీద హాయిగా పడుతుంటే చాలాసేపే ఉండిపోయాడు. తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి తాళం విరిగి ఉంది. గదిలో ఇద్దరు ఫైర్‌మన్లు, వాళ్ళ వెనక బియున్.

ఆవిడ ఆయన్ని చూసి గోడకి జారగిలబడి, అలాగే నేల మీదికి జారి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

"అమ్మా, తాతగారు బాగానే ఉన్నారు," అన్నాడు ఒక ఫైర్‌మన్.

"ఏం బాగు నాయనా, తువ్వాలుతో నిలబెట్టారు," అన్నాడు జిన్‌ఫా.

వాళ్ళు వెళ్ళాక బట్టలు వేసుకుని టీ కలిపాడు. బియున్ కప్పు పట్టుకుని విరిగిన తాళం వైపే చూస్తోంది.

"తలుపు బాగు చేయిస్తాను," అంది.

"తలుపు సంగతి వదిలేయండి."

"అరగంట కొట్టి, ఫైర్ వాళ్ళకి ఫోన్ చేశాను. మళ్ళీ వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం నా వల్ల కాలేదు జిన్‌ఫా గారూ. మీరు లోపల అలా పడి ఉంటే..."

తాను బతికున్నాడో లేదోనని ఒకరు ఇంతలా భయపడ్డారు. ఆ సంగతి మింగుడుపడడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"రేపు వ్యాయామం ఎన్నింటికి?" అని అడిగాడు చివరికి.

మర్నాడూ వానే. కొండకి తొంభై రెండు మెట్లు. పైనుంచి లెక్కపెడుతూ దిగి, నలభయ్యో మెట్టు దగ్గర ఆగిపోయాడు. కాళ్ళు ముందుకి పడలేదు. రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు.

బియున్ కింది నుంచి ఎక్కి వచ్చింది. చేయి పట్టి లాగలేదు. ఆయన కంటే ఒక మెట్టు కింద నిలబడింది.

"వెనక్కి వెళ్దామా?"

"వద్దు. కాసేపు ఉందాం."

కూరగాయల సంచులతో మనుషులు వాళ్ళని తప్పుకుంటూ ఎక్కిపోయారు. ఆయన మొహం మీద పారుతున్నది వానో కాదో ఆవిడ చూడలేదు, కావాలనే. చాలాసేపటికి ఆయన ఒక కాలు దించాడు. తరవాత రెండోది.

కేంద్రంలో ముందు ఫారం నింపాలన్నారు. ఆయన కళ్ళజోడు మరిచిపోతే బియున్ రాయడానికి కూర్చుంది. పేరు, వయసు, బీపీ, వేసుకునే మందులు.

"ఏదైనా జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి?"

"నీ పేరు రాయి."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆవిడ పెన్ను ఆగిపోయింది.

"పక్కన సంబంధం అని ఇంకో గడి ఉంది."

"దాన్ని ఖాళీగా వదలకు."

"తూ జిన్‌ఫా, నాకు అరవై ఎనిమిది. నీకు డెబ్బై మూడు. ఎప్పుడో ఒకరోజు మనలో ఒకరం రెండోవాళ్ళ తలుపు కొట్టి, జవాబు రాక నిలబడాలి. తెలిసే అంటున్నావా?"

"తెలిసే అంటున్నాను."

"ఆ నిలబడేది నేనే అయితే?"

"నువ్వు కొట్టావంటే, నాలుగు రోజులు అలా పడి ఉండనుగా. ఆ రోజే తెలుస్తుంది కదా. నాకది చాలు."

బియున్ తల వంచుకుంది. లోపల హాల్లో పాట మొదలైంది, వ్యాయామం కర్రలు పట్టుకున్న ముసలి చేతులు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. ఆవిడ ముందు తన పేరు రాసింది. తరవాత పక్క గడిలో, నెమ్మదిగా, 'ఇంటి మనిషి' అని రాసింది.